రాజీనామా రాసే ముందు ఒక చుక్క నీళ్ళలో వేసి చూడండి



స్వధర్మం మీద మనం పెట్టిన వీడియో చూసి ఒక తమ్ముడు నాకు పెద్ద ఉత్తరం రాశాడు. బెంగళూరులో ఉద్యోగం. ఆరేళ్ళ అనుభవం. ఒకటో తారీఖు వచ్చేసరికి ఖాతాలో జీతం పడుతుంది. కానీ మనసు అక్కడ లేదు. పిల్లల కోసం పురాణ కథల్ని బొమ్మల సినిమాలుగా తీసే చిన్న స్టూడియో పెట్టాలని అతని కోరిక. ఉత్తరం చివర్లో ఇలా రాశాడు: "స్వధర్మమే మేలని గీతలో కృష్ణుడే చెప్పాడు కదా అన్నా. సోమవారం రాజీనామా ఇచ్చేస్తున్నాను. ఆశీర్వదించండి."

అది చదివి నాకు సంతోషం కన్నా భయం ఎక్కువ వేసింది. ఎందుకంటే సరిగ్గా ఇదే మాట, ఇదే ధైర్యంతో, నేను కూడా ఒకప్పుడు అన్నాను. "తమ్ముడూ, సోమవారం లోపు ఒక్కసారి ఫోన్ చెయ్యి" అని జవాబిచ్చాను. చేశాడు. రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ మాటలు ఇంకా చాలామందికి పనికొస్తాయనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా కథ

మాది అనకాపల్లి. నాన్న బెల్లం మార్కెట్‌లో ఒక షావుకారు దగ్గర గుమాస్తా. మా ఇంట్లో ఏ పుస్తకం ముట్టుకున్నా బెల్లం వాసనే. నేను ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరాను. ఏడేళ్ళు చేశాను. చిన్నప్పుడు నూకాలమ్మ గుళ్ళో హరికథలు విన్న పిచ్చి మాత్రం నన్ను వదల్లేదు. మన కథల్ని మన వయసు వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలని ఒకటే తపన.

2018 జనవరిలో ఉద్యోగం మానేశాను. దాచుకున్న డబ్బు 6,50,000 రూపాయలు. మొదటి నెలలోనే కెమెరా, లైట్లు, మైకులకి 2,10,000 పెట్టాను. ఇంటి అద్దె, తిండి, కరెంటు, ఇంటర్నెట్, ఊరికి పంపేది కలిపి నెలకి 38,000 ఖర్చు. అదే డిసెంబర్‌కి లెక్క చూసుకుంటే చేతిలో 22,000 మిగిలింది. ఛానెల్‌లో 31 వీడియోలు ఉన్నాయి, చూసేవాళ్ళు లేరు.

ఆ నెలలోనే అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా నేను కంపెనీ వదిలిన రోజే పోయింది. విడిగా పాలసీ తీసుకోవాలన్న ఆలోచన నాకు రానే లేదు. బావ 85,000 సర్దాడు. డబ్బు ఇస్తూ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధేసింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని, "నేను స్వధర్మం చేశానా, స్వార్థం చేశానా?" అని చాలాసేపు ఆలోచించాను.

అమ్మ కోలుకున్నాక నాన్న నన్ను మునగపాక వైపు తీసుకెళ్ళాడు. అక్కడ మా పెద్దమావయ్యకి బెల్లం గానుగ ఉంది. చలికాలం, తెల్లవారుజాము. చెరకు పిప్పి మంట మీద పెద్ద పెనంలో రసం కుతకుతా ఉడుకుతోంది. పైకి తేలిన మడ్డిని మావయ్య తీసి పారేస్తున్నాడు. పొగకి నా కళ్ళు మండిపోతున్నాయి. రసం చిక్కబడ్డాక మావయ్య గరిటెతో కొంచెం పాకం తీసి చల్లటి నీళ్ళ గిన్నెలో వేశాడు. వేళ్ళతో నొక్కి చూశాడు. "ఇంకా లేదు" అన్నాడు. కాసేపాగి మళ్ళీ వేశాడు. ఈసారి అది ఉండ కట్టింది. వెంటనే "దించండ్రా!" అని కేకేశాడు.

నాన్న నా వైపు చూసి అన్నాడు: "చూసావా? ముప్పై ఏళ్ళ నుంచి బెల్లం వండుతున్నాడు. అయినా రోజూ ఒక చుక్క నీళ్ళలో వేసి చూసుకుంటాడు. నువ్వేటి చేశావు? రసం పొయ్యెక్కిన రోజే దించేశావు. లేత పాకం దించితే దిమ్మ కట్టదురా."

"మరి దించకుండా ఉంచేస్తే?" అన్నాను కొంచెం రోషంగా.

"మాడిపోద్ది. దాన్నెవడూ కొనడు. అందుకే చూసుకోవాలి."

ఇన్నేళ్ళలో నేను నేర్చుకున్నదంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. తొందరపడితే దిమ్మ కట్టదు, భయపడి అలాగే కూర్చుంటే మాడిపోతుంది. ఎప్పుడు దించాలో చెప్పేది మన ఆవేశం కాదు, మన భయమూ కాదు. నీళ్ళలో వేసిన ఆ చుక్క చెబుతుంది.

మన ఊరి సీతారామశాస్త్రి గారు

ఈ చుక్క సంగతి నాకు పూర్తిగా అర్థమైంది సిరివెన్నెల సీతారామశాస్త్రి గారి జీవితం చూశాకే. ఆయన 1955 మే 20న మధ్యప్రదేశ్‌లోని సివనీలో పుట్టారు. పదో తరగతి దాకా చదివింది మాత్రం మా అనకాపల్లిలోనే. టీవీలో ఆయన కనిపిస్తే చాలు, "మన అనకాపల్లి కుర్రాడే" అనేది అమ్మ, ఆయనకి అరవై దాటాక కూడా.

ఆయన అసలు పేరు చేంబోలు సీతారామశాస్త్రి. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ శాఖలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో టెలిఫోన్ శాఖ ఉద్యోగమంటే సామాన్యం కాదు. కేంద్ర ప్రభుత్వ కొలువు, నెలనెలా జీతం, చివర్లో పింఛను. ఆ కుర్చీలో ఉన్నప్పుడే ఆయన 'భరణి' అనే పేరుతో కవిత్వం రాస్తుండేవారు. గంగావతరణం మీద ఆయన రాసిన కవిత దర్శకుడు కె.విశ్వనాథ్ గారి కంట పడింది. 1984లో వచ్చిన 'జననీ జన్మభూమి'తో సినిమాకి పరిచయమయ్యారు. 1986లో 'సిరివెన్నెల' వచ్చింది. చూపులేని వేణుగాన కళాకారుడు, మాటరాని చిత్రకారిణి ఉన్న కథ అది. రంగులు చూడలేని మనిషికీ, మాట పలకలేని మనిషికీ పాట రాయాలి. ఆ పరీక్షలో ఆయన ఎంత గొప్పగా నెగ్గారంటే ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరైపోయింది. 1986, 1987, 1988 వరసగా మూడేళ్ళు నంది అవార్డు అందుకున్నారు. 'శ్రుతిలయలు'లో స్వామిని మేల్కొలిపే పాట విని అది అన్నమయ్య కీర్తనే అనుకున్నవాళ్ళు ఎంతమందో. తర్వాత మూడు వేలకు పైగా పాటలు, 2019లో పద్మశ్రీ. 2021 నవంబర్ 30న శివైక్యం చెందారు. శివుడి మీద ఆయన రాసిన పాటలు విడిగా 'శివదర్పణం' అనే పుస్తకంగా ఉన్నాయి. తీరిక చేసుకుని చదవండి.

ఇప్పుడు ఈ కథని మనం మామూలుగా ఎలా చెప్పుకుంటాం? "గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి కలని నమ్ముకున్నాడు, గెలిచాడు" అని. వినడానికి బాగుంటుంది. కానీ జరిగిన వరస చూడండి. ముందు ఉద్యోగం. ఉద్యోగంతో పాటే రాత. ఆ రాతలోంచి ఒక కవిత. ఆ కవిత ఒక పెద్దాయన కంట పడటం. అందులోంచి అవకాశం. పాటే బతుకుదెరువు అయింది ఆ తర్వాతే. విశ్వనాథ్ గారు చూసేనాటికి చూపించడానికి ఆయన దగ్గర గంగావతరణం ఉంది. నీళ్ళలో వేసిన చుక్క అదే. అది ఉండ కట్టిందని కాలం చెప్పింది.

నేను ఉద్యోగం మానేసిన రోజున నా దగ్గర ఏముంది? ఒక్క పూర్తయిన వీడియో లేదు. ఉన్నదల్లా ఒక కోరిక, ఒక కెమెరా బిల్లు.

ఇంకో వైపు కూడా చూడాలి. సి.నారాయణరెడ్డి గారు 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటలు మొదలుపెట్టారు. పాటలు రాస్తూనే ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. తర్వాత తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా చేశారు, 'విశ్వంభర' కావ్యంతో జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన తన సృజన కోసం బడిని వదల్లేదు. దానివల్ల పాటకి తక్కువేమీ జరగలేదు. కాబట్టి వదిలినవాడు ధైర్యవంతుడు, వదలనివాడు పిరికివాడు అనే లెక్క తప్పు. ఇద్దరూ రాశారు. ముఖ్యమైనది అదే.

గీత రాజీనామా లేఖ కాదు

ఇక తమ్ముడు ఎత్తిన శ్లోకం సంగతి. మూడో అధ్యాయంలో 35వ శ్లోకం. బాగా చేసిన పరధర్మం కన్నా, లోపాలున్నా సరే స్వధర్మమే మేలని దాని భావం. దాన్ని మనం ఈ రోజుల్లో "నీకు నచ్చింది చెయ్యి" అని తర్జుమా చేసేసుకుంటున్నాం.

ఒక్క నిమిషం ఆగి, ఆ మాట ఎవరితో చెప్పారో గుర్తుచేసుకోండి. ఉన్న పని వదిలేసి వెళ్ళిపోతానన్న మనిషితో. రెండో అధ్యాయం మొదట్లోనే అర్జునుడు అంటాడు, పెద్దల్ని చంపడం కన్నా భిక్షమెత్తుకుని బతకడం మేలు అని. అంటే గీత పుట్టిందే ఒక రాజీనామా ముందు! కృష్ణుడు దాన్ని వెంటనే అంగీకరించలేదు. పద్దెనిమిది అధ్యాయాల పాటు "ఎందుకు వదులుతున్నావు? నీ విషాదం వల్లనా, వివేకం వల్లనా?" అని విడమర్చి చూపించాడు. ఆఖర్న కూడా ఆజ్ఞ వేయలేదు. అంతా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు.

అంటే ఉద్యోగం ఎప్పటికీ వదలకూడదని గీత చెబుతోందా? అదీ కాదు. మన స్వభావానికి సరిపడే పని వేరే ఉండొచ్చు. ఆ పనికి దారి వెతుక్కోవడం తప్పు కాదు. కానీ మేనేజర్ మీద కోపంతో, సోమవారం మీద విసుగుతో తీసుకున్న నిర్ణయానికి స్వధర్మం అని పేరు పెట్టకూడదు. అది విషాదయోగమే. మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోయాం అన్నమాట.

ఇంకో మాట. పద్దెనిమిదో అధ్యాయం 48వ శ్లోకంలో ఒక చక్కటి పోలిక ఉంది. నిప్పు ఉన్నచోట పొగ ఉన్నట్టే, ఏ పని మొదలుపెట్టినా దానికి ఏదో ఒక దోషం అంటుకునే ఉంటుందట. గానుగ దగ్గర కళ్ళు మండినప్పుడు నాకు ఈ శ్లోకం గుర్తొచ్చింది. ఆఫీసులో పొగ ఉందని బయటికొచ్చాను. ఇక్కడ పొగ లేదా? వీడియోకి పెట్టే బొమ్మ పదిసార్లు మార్చడం, డబ్బివ్వని క్లయింటు వెంట పడటం, చూసేవాళ్ళ సంఖ్య అర్ధరాత్రి లేచి చూసుకోవడం... ఇదంతా పొగే. పొగ లేని పొయ్యి కావాలనుకుంటే ఏ పనీ దొరకదు. ఏ పొయ్యి పొగని మనం ఓర్చుకోగలమో అదే చూసుకోవాలి.

వదిలే ముందు అయిదు ప్రశ్నలు

అదే పద్దెనిమిదో అధ్యాయంలో 14వ శ్లోకం దగ్గర ఏ పని నెరవేరాలన్నా అయిదు కారణాలు కావాలని చెప్పారు. అధిష్ఠానం, కర్త, కరణం, చేష్ట, దైవం. వేదాంతులు దీన్ని ఇంకా లోతుగా చెబుతారు. నేను మాత్రం ఒక పెద్ద నిర్ణయం ముందు వేసుకునే ప్రశ్నలుగా వాడుకుంటున్నాను. తమ్ముడికి కూడా ఇవే చెప్పాను.

ఒకటి, అధిష్ఠానం. అంటే ఆధారం. పని నిలబడే చోటు. మీ ఒళ్ళు, మీ ఇల్లు, మీ మీద ఆధారపడ్డవాళ్ళు. ఒక ఏడాది పాటు ఒక్క రూపాయి రాకపోయినా ఇల్లు నడుస్తుందా? కాగితం మీద రాసి చూడండి, మనసులో వేసుకునే లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఉద్యోగంతో వచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. మీకూ, అమ్మానాన్నలకీ విడిగా పాలసీ ముందే తీసుకోండి. అప్పటికే ఉన్న జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, అందుకే మానేసే నెలలో తీసుకుంటే లాభం లేదు. అయిదేళ్ళ సర్వీసు నిండకుండా పీఎఫ్ డబ్బు తీసేస్తే పన్ను పడుతుందని గుర్తుంచుకోండి. ఇంటి లోను ఆలోచన ఉంటే, జీతం స్లిప్పు లేని మనిషికి బ్యాంకులో అది అంత తేలిక కాదు.

ఇంకోటి, మీ కల కోసం పెట్టే డబ్బు మీదేనా? రామదాసుగా మనం కొలిచే కంచర్ల గోపన్న గారు పాల్వంచ పరగణాకి తహసీల్దారు. భద్రాద్రి రాముడి గుడికి సర్కారు శిస్తు సొమ్ము వాడారు, గోల్కొండ చెరలో మగ్గారు. ఆయన భక్తి ముందు మనం దుమ్ముతో సమానం. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ అంతటి మహాభక్తుడికే పరుల సొమ్ముకి లెక్క చెప్పుకోక తప్పలేదు. మరి చెల్లెలి పెళ్ళికి దాచిన డబ్బుతో కెమెరా కొనాలనుకునే మనం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి కదా.

రెండు, కర్త. వెళ్ళాలంటున్నది మీలో ఎవరు? ఒక చిన్న పరీక్ష చెబుతాను. రేపు మీకు మంచి మేనేజర్, జీతంలో ముప్పై శాతం పెంపు, ఇంటి నుంచి పని ఇచ్చారనుకోండి. అప్పుడు కూడా ఆ స్టూడియో పెట్టాలనే ఉంటుందా? ఉంటుందంటే అది ప్రేమ. చల్లబడిపోతుందంటే మీరు మార్చాల్సింది ఉద్యోగాన్నే, వృత్తిని కాదు.

మూడు, కరణం. అంటే పనిముట్లు. కెమెరా, కంప్యూటర్ ఒక్కటే పనిముట్లు కావు. చెయ్యి, కన్ను, గొంతు, భాష... ఇవి అసలు పనిముట్లు. నేను 2,10,000 పెట్టి సామాను కొన్నాను, కానీ కథని అయిదు నిమిషాల్లో చెప్పడం నాకు రాదు. అది ఫోన్‌తో కూడా నేర్చుకోవచ్చని తర్వాత తెలిసింది.

నాలుగు, చేష్ట. గీతలో ఇక్కడ రకరకాల వేర్వేరు ప్రయత్నాలు అని ఉంటుంది. సొంత పనిలోకి దిగాక మనం ఒక్క పనే చెయ్యం. కథ రాసేదీ మనమే, లెక్కలు చూసేదీ మనమే, జీఎస్టీ గురించి అడిగి తెలుసుకునేదీ మనమే. నా మొదటి ఏడాదిలో ఒక అన్నమయ్య కీర్తన వాడిన వీడియోకి కాపీరైటు అభ్యంతరం వచ్చింది. "పదిహేనో శతాబ్దం నాటి కీర్తనకి హక్కులేంటి?" అని ఆశ్చర్యపోయాను. సాహిత్యం అన్నమయ్య గారిదే. కానీ ఈ కాలంలో దానికి బాణీ కట్టినవారికి, పాడినవారికి, రికార్డు చేసిన సంస్థకి వారి వారి హక్కులు ఉంటాయి. భక్తి వీడియో కదా అని మినహాయింపు ఉండదు. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలన్నా ముందు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వీక్షణలు. ఇవన్నీ ఉద్యోగంలో ఉండగానే తెలుసుకోదగ్గ విషయాలు.

అయిదు, దైవం. మన చేతిలో లేనిది. గంగావతరణం రాయడం శాస్త్రిగారి చేతిలో పని. అది విశ్వనాథ్ గారి కంట పడటం ఆయన చేతిలో లేదు. ఆయనంత రాసి, ఎవరి కంటా పడనివాళ్ళు కూడా ఉంటారు. ఈ మాట చెప్పకుండా విజయగాథలు చెప్పడం అబద్ధమే అవుతుంది. అంతా నా ఒక్కడి గొప్పే అనుకునేవాడు సరిగ్గా చూడటం లేదని 16వ శ్లోకం చెబుతుంది. ఓడినప్పుడు కూడా అంతే, అంతా నా తప్పే అని కుంగిపోనక్కర్లేదు. అయిదింటిలో నాలుగు మన చేతనైనంత సిద్ధం చేసుకుందాం. అయిదోదానికి దండం పెడదాం.

ఒక మండలం చేసి చూడండి

దీక్ష తీసుకునేటప్పుడు మండలం అంటాం కదా, 41 రోజులు. జీవితాంతం మాల వేసుకోమని ఎవరూ అడగరు. ముందు ఒక మండలం. మీ కల కోసం కూడా ఒక మండలం దీక్ష తీసుకోండి.

ఉద్యోగం మానొద్దు. రోజూ తెల్లవారుజామున ఒక గంట. ఫోన్ ఇంకో గదిలో. దీపం పెట్టుకుని, ఆ గంట మీ పని. వారానికి ఒక్క పూర్తయిన వస్తువు బయటికి రావాలి. సగం రాసిన పది కథల కన్నా పూర్తి చేసిన ఒక్క కథ మేలు. దాన్ని మీ అమ్మకి, చెల్లికి కాదు, మిమ్మల్ని మెచ్చుకోవాల్సిన అవసరం లేని మనిషికి చూపించండి. ఒక నోట్‌బుక్‌లో రోజూ రెండు గీతలు రాయండి: ఇవాళ కూర్చున్నానా, లేదా. ఏం కుదరలేదు.

మీ కంపెనీ ఒప్పందంలో బయటి పని గురించి ఏం రాసుందో చదువుకోండి, కావాలంటే అనుమతి అడగండి. దొంగచాటుగా చేసే సాధన మనసుని కుదురుగా ఉండనివ్వదు. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నవాళ్ళు చాలామంది "మాకు అసలు వీల్లేదు" అనుకుంటారు. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి నడవడి నియమాల్లో, అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదని ఉంది. విధులకి మాత్రం లోటు రాకూడదు.

41 రోజుల తర్వాత నోట్‌బుక్ తెరిచి చూడండి. పది రోజులు కూర్చుని మానేశారా? నష్టమేం లేదు. జీతం పోలేదు, ఇల్లు కదల్లేదు, ఒక నిజం తెలిసింది. 41 రోజులూ కూర్చున్నారా? ఇంకో మండలం. అలా నాలుగైదు మండలాలు అయ్యాక కూడా ఆ గంట కోసం మెలకువ దానంతట అదే వస్తుంటే, చేసిన పనికి బయటివాళ్ళు ఎవరైనా డబ్బిచ్చి మళ్ళీ అడుగుతుంటే, పాకం ఉండ కడుతోందని అర్థం. అప్పుడు భయపడి అలాగే వదిలేయకండి. దించేయండి. మాడిపోనివ్వడం కూడా తప్పే. ఈ దారిలో చేసిన ప్రయత్నం ఏదీ వృథా పోదని రెండో అధ్యాయం 40వ శ్లోకంలో భగవంతుడు భరోసా ఇచ్చాడు. అది మోక్షమార్గం గురించి చెప్పిన మాట. కానీ శ్రద్ధగా చేసిన ఏ సాధనకైనా కాస్త వర్తిస్తుందనే నా నమ్మకం.

అమ్మానాన్నలకి ఎలా చెప్పాలి?

ఇది చాలామంది అడుగుతారు. మనం చేసే తప్పు ఏంటంటే నిర్ణయం అయిపోయాక చెబుతాం. అప్పుడు వాళ్ళకి అది కబురు కాదు, పిడుగు. మండలం మొదలుపెట్టిన రోజే చెప్పండి. "ఉద్యోగం మానట్లేదు, పొద్దున్నే ఇది చేస్తున్నాను" అని చెబితే ఏ తల్లీ కాదనదు. ఆరు నెలలు మీరు నాలుగున్నరకి లేవడం చూసినవాళ్ళకి తర్వాత మీరు పెద్దగా వివరించాల్సిన పని ఉండదు.

వాళ్ళ భయానికి కూడా కారణం ఉంటుంది. మా నాన్న షావుకారు కొట్లో ముప్పై ఏళ్ళు కూర్చున్నది గుమాస్తాగిరీ మీద ప్రేమతో కాదు. నేను ఇంజనీరింగ్ చదవాలని. నేను తేలిగ్గా వదిలేసిన ఆ "బోరు కొట్టే ఉద్యోగం" ఆయన ముప్పై ఏళ్ళ తపస్సుకి దొరికిన ఫలం. ఈ మాట నాకు ఆసుపత్రి వరండాలో తట్టింది. ముందే తట్టి ఉంటే మానేసేవాణ్ణి కాదని అనను. ఆయన పక్కన కూర్చుని, చెప్పి మానేసేవాణ్ణి.

నా సంగతి చివరికి ఏమైందంటే, 2019 సంక్రాంతి తర్వాత ఇంటి నుంచి రోజుకి నాలుగు గంటలు చేసే టెస్టింగ్ కాంట్రాక్టు తీసుకున్నాను. మొదట్లో సిగ్గుగా అనిపించింది, ఓడిపోయి వెనక్కి వెళ్ళినట్టు. కానీ అద్దె భయం పోయాక కథలు బాగా రావడం మొదలైంది. బావ అప్పు పద్నాలుగు నెలల్లో తీర్చాను. ఆ కాంట్రాక్టు మూడేళ్ళు చేసి, ఛానెల్ తన కాళ్ళ మీద నిలబడ్డాకే వదిలాను. ఈ రోజుకీ కొన్ని నెలలు నా పాత జీతంలో సగమే వస్తుంది. సరిపోతోంది. పొగ ఉంది, ఓర్చుకోగలుగుతున్నాను.

ఇక తమ్ముడి సంగతి. సోమవారం పొద్దున్న మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆఫీసుకి వెళ్తున్నాను. కానీ ఇవాళ నాలుగున్నరకి లేచి ప్రహ్లాదుడి బొమ్మ ఒకటి పూర్తి చేశాను." బొమ్మ కూడా పంపాడు. చేతులు కొంచెం వంకరగా ఉన్నాయి, కళ్ళు మాత్రం చక్కగా కుదిరాయి. రెండూ అలాగే చెప్పాను. ఇంకా నలభై రోజులున్నాయి.

మీరు కూడా ఇలాంటి ఆలోచనలో ఉంటే, ఈ రాత్రి రాజీనామా లేఖ రాయకండి. అలారం పెట్టుకోండి. రేపు పొద్దున్న ఒక చుక్క నీళ్ళలో వేసి చూడండి.

నూకాలమ్మ తల్లి అందరినీ చల్లగా చూడాలి. శుభం.